చప్పుడు లేని డబ్బా

ఇది రాస్తుంటే ముందూ వెనుకా కలిసిపోవచ్చు. వాన ముందు పడిందో, కరెంటు ముందు పోయిందో ఇప్పుడు అడిగితే ఒట్టు పెట్టి చెప్పలేను. జరిగిందైతే ఇదే. సకల జనుల సమ్మె నడిచిన ఏడాది, సూర్యాపేటలో మా ఇంట్లో జరిగింది.

మా మనుమడు జితేందర్ పెండ్లి వీడియోలు తీసేవాడు. వాని అమ్మానాన్నలు తిరుమలగిరిలో పత్తిచేను చూసుకుంటుంటే వాడు నా దగ్గర ఉండేవాడు. కోదాడ, మిర్యాలగూడ, ఎక్కడ పందిరి వేస్తే అక్కడికి పోయేవాడు. తీసుకొచ్చిన వీడియోను ముందరి గదిలో కంప్యూటర్ మీద కూర్చి, పాటలూ మాటలూ కలిపేవాడు. ఆ పాత కంప్యూటర్ పిండిగిర్నిలా మోగేది. అదే గదిలో మైకు పెట్టి ఎవరితోనైనా నాలుగు మాటలు చెప్పిస్తే, మాట వెనకాల ఆ మోత కూడా ఎక్కేది. అందుకని కొత్తది తానే తయారు చేసుకుంటానన్నాడు. మంచి బలమైనది, కానీ చప్పుడు లేనిది.

సామాను ఒక్కొక్కటే వచ్చింది. మంచం మీద దుప్పటి పరిచి అన్నీ పేర్చాడు. అరచేతికన్నా పెద్ద ఫ్యాన్లు. అవి మెల్లగా తిరిగితే గాలి వస్తుంది గాని మోత రాదట. కంప్యూటర్ డబ్బా లోపల నాలుగు పక్కలా స్పాంజి అతికించాడు. వేడి లాగేందుకు ప్రాసెసర్ మీద బిగించే అల్యూమినియం రేకుల దిమ్మెను వాని దోస్తు ప్రేమ్‌కుమార్ కోదాడ నుంచి పట్టుకొచ్చాడు.

"మామ్మగారూ, బస్సులో కండక్టర్ దీనికి కూడా టికెట్ తీసుకోమన్నాడండి," అన్నాడు.

"అనడా మరి. నీకన్న బరువున్నట్టుంది," అన్నాను.

హార్డ్ డిస్క్ తిరిగేటప్పుడు వణుకుతుందట. ఆ వణుకు డబ్బాకు తగిలి మోగుతుందట. నేను ఒకప్పుడు మిషన్ కుట్టేదాన్ని. పిల్లల లాగులకు వేసే ఎలాస్టిక్ నా రేకుపెట్టెలో ఇంకా మిగిలి ఉంది. దానితో ఆ డిస్కును లోపల ఉయ్యాలలా వేలాడదీశాడు. కరెంటు పోయినా కాసేపు నడిపే యూపీఎస్ ఒక్కటి తర్వాత కొందామనుకున్నాడు.

మొదటిసారి ఆన్ చేసి నన్ను పక్కన కూర్చోబెట్టాడు.

"నాయినమ్మా, ఏమన్న ఇనవడుతుందా?"

"నీ సనుగుడు ఇనవడుతుంది."

"జర మంచిగ ఇను."

నా చెవులకు ఏ రోగమూ లేదు. పోతున్నది జ్ఞాపకమే. డబ్బాకు చెవి ఆనించి విన్నాను. ఏమీ లేదు. ముందున్న చిన్న దీపం వెలగకపోతే అది నడుస్తుందో ఆగిందో తెలిసేది కాదు. ఆ దీపం కంట్లో పడుతుందని వాడు తర్వాత దానిమీద కూడా నల్ల టేపు అతికించాడు.

ఇక పేర్ల సంగతి చెప్పాలి. మా అత్తగారి వాళ్లది పెన్‌పహాడ్ దిక్కు. గొర్లు కాసిన వంశం. మందల వెంట తిరుగుతూ ఎక్కడెక్కడో పోయినవాళ్లు. పెత్రమాస నాడు, అంటే పోయిన పెద్దలకు పెట్టే అమాస రోజు, ఆకులో అన్నం పెట్టి ఇంటి పెద్ద కోడలు వాళ్లను పేరు పేరునా పిలవాలి. తర్వాత గడప దగ్గరికి వచ్చి, ఒక్కొక్కరి పేరు మళ్లీ చెప్పి, చెంబుతో నీళ్లు బయటికి పోసి, "కడుపు నిండింది గద, ఇగ పోయిరా" అనాలి. పిలిచినవాళ్లను పంపకుండా ఉండకూడదు. పేరు పెట్టి పిలిచినవాళ్లను పేరు పెట్టే పంపాలి. మా అత్త పెంటమ్మ నాకు చెప్పింది ఇంతే. ఎందుకని నేను అడగలేదు.

సమ్మెకు ముందు ఏడాది ఒక పేరు దగ్గర ఆగిపోయి చాలాసేపు నిలబడ్డాను. నా భర్త చెల్లెలి పేరు. చిన్నతనంలోనే జ్వరంతో పోయిన పిల్ల. ఆ పేరు అప్పటికి దొరికింది గాని, ఆ భయం పోలేదు. నేను మరిచిపోతే వాళ్లను పిలిచేదెవరు? అదే మాట జితేందర్‌తో అన్నాను.

"మైకుల చెప్పరాదూ? నువ్వు మరిసినా గీ డబ్బకు యాదుంటది," అన్నాడు.

ఆ పెత్రమాసకు గదిలోనే ఆకు వేసి, మైకు ముందు కూర్చుని పిలిచాను. గౌరయ్యా. సాలమ్మా. బక్కయ్యా. పెంటమ్మా. రంగీ. చివర నా భర్త, సోమన్నా. తర్వాత గడప దగ్గరికి పోయి అందరినీ పంపాను. బస్సులు లేక మిర్యాలగూడ నుంచి వాని అక్క రాలేకపోయింది. మేమిద్దరమే తిన్నాం.

బతుకమ్మ ఆడుతున్న రోజుల్లో మొదట నాకు వాసన తెలిసింది. తడిసిన గొంగడి వాసన. మా ఇంట్లో గొంగడి లేక ఎన్నేండ్లయిందో. తలుపులు తీసిపెట్టినా పోలేదు. ముందరి గదిలోనే ఎక్కువ.

ఆ సాయంత్రం మబ్బు పట్టి దీపాల వేళకు ముందే చీకటి పడింది. జితేందర్ డబ్బా ముందు కూర్చుని నన్ను పిలిచాడు.

"నాయినమ్మా, ఆఖరికి ఎవరి పేరు చెప్పినవ్?"

"మీ తాతది."

"దాని తర్వాత?"

"తర్వాత ఎవరున్నరు?"

"ఇను."

నా గొంతే. ఒక్కొక్క పేరు, మధ్యలో కొంచెం ఎడం. ఆ ఎడంలో ఏ మోతా లేదు. అందుకే వినబడింది... ఎవరో మెల్లగా కింద కూర్చున్నట్టు. పేరు... కూర్చున్న చప్పుడు. పేరు... కూర్చున్న చప్పుడు. సోమన్న తర్వాత చాలా ఎడం. ఆ తర్వాత నా గొంతే, "జితేందరూ."

వాడు నవ్వాడు. "చాయ్ తాగుతవా అని పిలిచినట్టున్నవ్. మైకు బందు చేయలే."

పిలిచానేమో. నాకు గుర్తు లేదు.

"నీళ్లు పోసి పంపిన మాటలేవి?" అన్నాను.

"గడప కాడ అంత వాన సప్పుడే వచ్చింది. కట్ చేసిన. పేర్లున్నయి గదా."

"ఎన్నిసార్లు వెట్టినవ్ ఇది?"

"ఏమో. టెస్టింగ్ అంటే దీన్నే వెడుతున్న."

పెట్టినప్పుడల్లా పిలుపు. పంపింది ఒక్కసారి. ముందు ఆ చివరి పేరు తీసేయమన్నాను. నా ముఖం చూసి ఎగతాళి మానేసి తీసేశాడు. చెంబు నింపుకుని గడప దగ్గర కూర్చున్నాను. అప్పుడు తెలిసింది. పంపాలంటే పేర్లు కావాలి. పేర్లన్నీ నాకు రావడం లేదు. ఆ డబ్బాలో ఉన్నాయి. వాళ్లను పంపడానికి మళ్లీ పిలవాలి.

"పెట్టు. ఒక్కొక్క పేరు కాడ ఆపు," అన్నాను. "నువ్వు మాత్రం మాట్లాడకు."

గౌరయ్యా. నీళ్లు పోశాను, పోయిరా అన్నాను. వాసన కొంచెం తగ్గింది. సాలమ్మా. బక్కయ్యా. పెంటమ్మా. ఒక్కో పేరుకు నా పక్క నుంచి తడి గాలి బయటికి పోతున్నట్టుంది. వాడ చివర బతుకమ్మ పాట వానకు ఆగిపోయింది. ఆ వెంటనే కరెంటు పోయింది.

తెర ఆరిపోయింది. గదిలో చీకటి. ఇంకా ఇద్దరున్నారు. నా భర్త పేరు తెలుసు. అంతకుముందున్న పేరు... ఆ పిల్ల పేరు... ఎంత వెతికినా నోటికి రాలేదు.

"బిడ్డా, పెంటమ్మ తర్వాత ఎవరు?"

"నాకేం ఎరుక నాయినమ్మా. కరెంటు రానీ."

కూర్చున్నాం. వాన. చెంబు చల్లగా ఉంది. అప్పుడు గదిలోంచి నా గొంతు అన్నది, "రంగీ."

నేను నోరు తెరవలేదు.

"నువ్వేనా?" జితేందర్ గుసగుసగా అడిగాడు.

"డబ్బ ఆగలేదా?"

"కరెంటే లేదు... ఎట్ల నడుస్తది..."

నడుస్తుందో ఆగిందో ఎట్లా తెలుస్తుంది? దానికి చప్పుడే లేదు. నీళ్లు పోశాను. రంగీ, పోయిరా. చీకట్లోంచి, "సోమన్నా." పోశాను. పోయిరా. వాసన పూర్తిగా పోయింది. అయిపోయిందనుకున్నాను.

చాలా ఎడం.

"జితేందరూ."

నా గొంతే. వాణ్ని చిన్నప్పటి నుంచి ఎట్లా పిలుస్తానో అట్లానే. పుట్టినప్పటి నుంచి ఆ పిలుపుకు పలికినవాడు... అలవాటుగా పలికాడు.

"ఆఁ, నాయినమ్మా."

చెంబులో ఇంకా నీళ్లున్నాయి. పోస్తే వాణ్ని పొమ్మన్నట్టు. పోయకపోతే పిలిచినవాళ్లలో వాడొక్కడే ఉండిపోయినట్టు. చెంబు పట్టుకుని ఎంతసేపు ఉన్నానో తెలియదు. కరెంటు వచ్చేసరికి చెంబు నా పక్కన పడి ఉంది. ఖాళీగా. పోశానా? చేతిలోంచి జారిందా? గడప ముందు నేల చూశాను. నేలంతా వాన నీళ్లే.

ఇప్పటికీ గుర్తు రాలేదు. అన్నీ మరిచిపోయి ఇది ఒక్కటి గుర్తున్నా చాలనుకుంటాను.

జితేందర్ లేచి వచ్చి నా ముందు కూర్చున్నాడు. వచ్చేటప్పుడు వాని అడుగుల చప్పుడు నాకు వినబడలేదు. తర్వాత వాడు తింటుంటే గిన్నెకు చెంచా తగిలినా చప్పుడు లేదు. పండుగ దాటేసరికి వాని గొంతు పోయింది. పెదవులు ఆడేవి, అంతే. సూర్యాపేట దవాఖానలో గొంతుకు ఏమీ కాలేదన్నారు. మిర్యాలగూడలో వాని అక్క చూపించిన డాక్టరు నా చెవులు కూడా చూసి బాగున్నాయన్నాడు. వచ్చిన ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం నా మంచం పక్కనే పడుకున్నవాడు లేవలేదు. ఎప్పుడు ఆగాడో తెలియలేదు.

డబ్బాను ప్రేమ్‌కుమార్ కోదాడ తీసుకుపోయి, మళ్లీ తెచ్చి అరుగు మీద పెట్టాడు. లోపలికి రాలేదు.

"ఏమైందయ్యా?"

"నేనింకా ప్లగ్గు పెట్టలేదండి," అన్నాడు, నేల చూస్తూ. "మీరు మాట్లాడుతున్నారండి అందులో."

అప్పటి నుంచి పెత్రమాసకు నేను ఎవరినీ పిలవలేదు. పిలిస్తే వాణ్ని కూడా పిలవాలి. పిలిస్తే పంపాలి. పోయిరా అని వాడితో ఏ నోటితో అనను? డబ్బా ముందరి గదిలోనే ఉంది. వైరు తీసి నా రేకుపెట్టెలో పెట్టాను.

బిడ్డా, ఈ కాగితాలు నీకే. జితేందర్ అక్కవు, నువ్వు తప్ప సరిచూసేవాళ్లు లేరు. సాలమ్మ గౌరయ్య భార్యేనా, ఆ పిల్ల పేరు రంగేనా, మీ నాయనను అడిగి చూడు. తప్పుంటే దిద్దు. పైకి మాత్రం చదవకు. నీ పేరు ఇందులో కావాలనే ఎక్కడా రాయలేదు. ఎక్కడన్నా కనబడితే, అక్షరాలు నావే అయినా, అది నేను రాసింది కాదు. పలకకు. కింద నా సంతకం కూడా పెట్టడం లేదు.

గీతా.