శబ్దం లేని వార్తలు

ఉదయం ఆరు కావస్తోంది. రోజారమణి ఇడ్లీ పాత్ర దించి, కాఫీ గ్లాసుతో ముందుగదిలోకి వచ్చింది. భర్త వరహాలు డ్యూటీ బట్టలు వేసుకుని ఎప్పటిలాగే టీవీ ముందు కూర్చున్నాడు. తెరమీద వార్తలు చదివే అమ్మాయి పెదవులు కదులుతున్నాయి. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించడం లేదు. వరహాలు మాత్రం శ్రద్ధగా తల ఊపుతున్నాడు.

"పాడేరు కాడ గట్టి వానంట. సాయంత్రానికి మనకీ వచ్చేత్తాది," అన్నాడు గ్లాసు అందుకుంటూ.

రోజారమణి ఓ అడుగు వెనక్కి వేసింది. ఆ చానల్‌కి శబ్దం లేదు. పంతొమ్మిది రోజులుగా లేదు.

గాజువాకలోని ఆ ఇంటి డాబా మీద ఉన్నది నెలనెలా రీచార్జి అక్కర్లేని ఫ్రీ డిష్. వరహాలు చూసే వార్తల చానల్ కొత్త ఫార్మాట్‌కి మారడంతో పాత బాక్సులో నల్లటి తెర మిగిలింది. రోజారమణి తమ్ముడు కోటి ఎక్కడో చవగ్గా దొరికిన ఇంకో బాక్సు తెచ్చి తగిలించాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. మిగతా చానళ్ళన్నీ మాట్లాడుతున్నాయి, ఇదొక్కటే మూగపోయింది. ఆ సమయానికి వరహాలు డ్యూటీలో ఉన్నాడు. ఇంటికొచ్చాక ఎవరూ ప్రత్యేకించి చెప్పలేదు. టీవీ పెడితే తెలిసిపోయే సంగతే కదా అనుకున్నారు.

మర్నాడు పొద్దున్న అతను టీవీ పెట్టాడు. అరగంట చూశాడు. ఒక్క మాటైనా అనకుండా లేచి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

బావ మూగ టీవీ చూస్తున్నాడని మొదట్లో కోటి నవ్వాడు. తర్వాత వాడి నవ్వు ఆగిపోయింది. వరహాలు చెప్పిన వాన చెప్పిన పూటే పడుతోంది. గోపాలపట్నం దగ్గర లారీ బోల్తా పడిందన్నాడు, నిజంగానే పడింది. ఒకరోజు రోజారమణి ఫోన్‌లో మాట్లాడుతూ గదిలోకి వస్తే, ఆమెకి అడ్డం రాకూడదని రిమోట్ తీసి వాల్యూమ్ తగ్గించాడు. తెరమీద పచ్చగీత ఒక్కో మెట్టే కిందికి దిగింది. తగ్గడానికి అక్కడ శబ్దమే లేదు.

"ఆడికి ఎవలో సెప్తన్నారే కోడలా," అంది అత్తగారు గంగాలమ్మ, గుమ్మంలోంచి కదలకుండా. "మనకి ఇనపడ్డం లేదంతే."

ఆ సాయంత్రం రోజారమణి అతని కుర్చీ వెనక నిలబడి, ఏటి ఇంటన్నావని మెల్లగా అడిగింది. అతను తిరగలేదు. ఇంకోసారి అడిగింది. తెరమీద మనిషి నోరు కదులుతోంది, ఆ నోటికేసే చూస్తున్నాడు. భుజమ్మీద చెయ్యి వేద్దామనుకుంది గానీ, తిరిగి చూసేది తన మొగుడేనా అన్న అనుమానం వచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆదివారం పొద్దున్న కోటి పాతనగరం నుంచి ఖాజా అనే మెకానిక్‌ని వెంటబెట్టుకొచ్చాడు. బాగానే వస్తన్నాది కదా, మళ్ళీ ఎందుకు మారుస్తన్నారని వరహాలు విసుక్కున్నాడు. అక్కాతమ్ముళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బొమ్మకో ఫార్మాట్, సౌండ్‌కో ఫార్మాట్ ఉంటుందమ్మా," అన్నాడు ఖాజా వైర్లు విప్పుతూ. "మీ బాక్సుకి ఆ బొమ్మ చదవడం వచ్చు, ఆ సౌండ్ చదవడం రాదు. నేను తెచ్చిందానికి రెండూ వచ్చు."

కొత్త బాక్సు తగిలించి చానళ్ళు వెతికించాడు. వార్తల అమ్మాయి తెరమీదికి వచ్చింది. మాట మాత్రం రాలేదు. ఖాజా వాల్యూమ్ చివరిదాకా పెంచి, వెనక వదులుగా ఉన్న ఆడియో పిన్ను లోపలికి నొక్కాడు.

ఇల్లు అదిరిపోయింది. గంగాలమ్మ చెవులు మూసుకుంది. కోటి చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారిపోయింది. రోజారమణి గోడకి అతుక్కుపోయింది.

వరహాలు కదల్లేదు. అతని చేతిలోని గ్లాసు కూడా తొణకలేదు. నెమ్మదిగా భార్యవైపు తిరిగి ఏదో అన్నాడు. ఆ హోరులో ఆమెకి ఒక్క ముక్క వినపడలేదు. అతని పెదవులు చూసి పోల్చుకుంది.

'ఈయనకి టీ ఇచ్చావా?'

ఖాజా టీవీ కట్టేశాడు. అతనికి అర్థమైపోయింది. తర్వాత వస్తానని సంచీ తీసుకుని మెట్లు దిగిపోయాడు.

రోజారమణి మొగుడి ఎదురుగా నేలమీద కూలబడింది. "ఎప్పట్నించి?"

అందరి మొహాలూ చూశాక వరహాలుకి దాచడానికి ఏమీ మిగల్లేదు. ఎండాకాలం నుంచి, అన్నాడు. ముందు కుడి చెవి, తర్వాత ఎడమది. టీవీ తెర అడుగున నడిచే అక్షరాలు చదువుకుంటున్నాడు, మనుషుల నోళ్ళు చూసి సంగతి పోల్చుకుంటున్నాడు. టీవీకి శబ్దం లేదని అతనికి ఇప్పటిదాకా తెలియదు.

"క్రేన్ కేబిన్లోంచి దింపేత్తే నాను ఏటికి పనికొస్తాను?" అన్నాడు.

అప్పుడు కోటి మొహం మారిపోయింది. ఆటోనగర్ రోలింగ్ మిల్లులో వరహాలు పైన క్రేన్ నడుపుతాడు. ఇనప కడ్డీల కట్టలకి కింద గొలుసులు తగిలించేది కోటి.

"మొన్న బేస్తారం కట్ట నా కాళ్ళకి జానెడు దూరంలో దిగింది బావా. మూడుసార్లు ఈల ఊదాను. పరాకులో ఉన్నావనుకున్నాను." కోటి తన కాళ్ళకేసి చూసుకున్నాడు. "నువ్వు ఇంటావన్న ధైర్నంతోనే గదా నాను దానికింద నిలబడతన్నాను."

వరహాలు బావమరిది నోటికేసి తదేకంగా చూశాడు. మాటలు గబగబా వచ్చేశాయి, అందలేదు.

"మెల్లగా సెప్పు," అన్నాడు.

 కోటి మొహం అటు తిప్పేసుకున్నాడు. రోజారమణి మొగుడి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. తమ్ముడన్న మాటలు, ఈలతో సహా, ఒక్కొక్కటే తీసి అతనికి చెప్పింది. కట్ట దిగిన దూరాన్ని జాన చాచి చూపించింది.

అతను ఆ జానని చాలాసేపు చూశాడు. తర్వాత భుజాలు కుంగిపోయాయి. చప్పుడు చెయ్యకుండా ఏడుస్తున్నానని అనుకున్నాడేమో, ఆ ఏడుపు ఇల్లంతా వినిపించింది. గంగాలమ్మ వచ్చి కొడుకు తల పొట్టకి ఆనించుకుంది. కోటి బావ మోకాలి మీద చెయ్యి వేశాడు.

కాసేపటికి వరహాలు మొహం తుడుచుకున్నాడు. జేబులోంచి ఫోన్ తీసి మిల్లు సూపర్‌వైజర్ కృష్ణంరాజుకి తనే కలిపి, భార్య చేతిలో పెట్టాడు.

"నువ్వు సెప్పు. ఆయనేటన్నాడో నాకు సెప్పు."

రోజారమణి ఫోన్ చెవికి పెట్టుకుంది. కళ్ళు మాత్రం మొగుడి మీదే ఉంచి, ప్రతి మాటా అతనికి కనపడేలా నిదానంగా పలికింది.

"రాజుగారూ, రేపట్నించి మా ఆయన క్రేన్ ఎక్కరండి. ఆయనకి ఇనపడదు. కింద ఏదైనా పని సూడండి."

ఒక్కో మాటకీ వరహాలు తల ఊపాడు.