మూత మీద గీత

“ఇది కొత్త లాప్‌టాపేనా? లేక ఎవరో వాడి వదిలేసింది మాకు అంటగట్టారా?”

సైదాబాద్ నుంచి శాలిబండ దాకా రాగసుధ ఈ మాటలనే మనసులో నూరుకుంటూ వచ్చింది. కొట్టువాడు అడ్డంగా వాదిస్తాడు. అప్పుడు తను గొంతు పెంచుతుంది. ఓనర్‌ని పిలవమంటుంది. అప్పటికీ దారికి రాకపోతే కన్జ్యూమర్ కోర్టు పేరెత్తుతుంది. అన్నీ వరసగా సిద్ధం చేసి పెట్టుకుంది.

మూత మీద గీత ఉందని చెప్పి నాన్న తెచ్చిన బిల్లు చూపిస్తే, కౌంటర్ వెనక ఉన్న కుర్రాడు చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి లాప్‌టాప్ అందుకున్నాడు. మూతని ట్యూబ్‌లైట్ కిందికి వంచి చూశాడు. నోటితో ఊది, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ చూశాడు.

“గీత ఉన్నది మేడం,” అన్నాడు.

రాగసుధ కౌంటర్ మీదికి వంగి తనూ చూసింది.

“మాల్ అయితే కొత్తదే. మీ నాయన ముంగటనే సీల్ ఇప్పిన. గని గీత ఉన్నది, నేనే చూస్కోలె. వాపస్ ఇచ్చెయ్యుండ్రి.”

పోట్లాటకి నడుం కట్టుకుని వచ్చిన మనిషికి అవతలివాడు ఇట్టే ఒప్పేసుకోవడం కంటే అన్యాయం ఇంకోటి ఉండదు. రాగసుధకి ఒళ్లు మండింది. ఇంకేమైనా తప్పులు దొరుకుతాయేమోనని వెతికింది.

“ఈ మూల చూడండి. మూత వేస్తే సందు కనిపిస్తోంది.”

“అవ్, ఉన్నది.”

“ఈ స్టిక్కర్ వంకరగా అంటించారు.”

అతను తల ఇటు వంచి, అటు వంచి చూశాడు. “స్టిక్కర్ వంకరున్నదా మేడం, మీరు వంకర నిలబడ్డరా?”

నవ్వకూడదనుకుంది. పెదవులు బిగించింది. అయినా నవ్వు వచ్చేసింది. అంత కష్టపడి తెచ్చుకున్న కోపం అక్కడే పోయింది.

“పని మంచిగ చేస్తున్నదా?”

“చాలా బాగా చేస్తోంది,” అని ఒప్పుకుంది రాగసుధ.

“అయితే ఫికర్ ఏంది? ఉంచుకుంటరో, ఇస్తరో మీ ఇష్టం. శనివారం దాంక టైం ఉన్నది.”

“ఆలోచించి చెప్తాను,” అంది రాగసుధ. ఆలోచించాల్సింది ఏముందో మాత్రం ఆమెకే తెలియలేదు.

అది రెండువేల ఏడు, శ్రావణం మొదలైన రోజులు. రాగసుధ ఎం.సి.ఏ. చివరి సంవత్సరంలో ఉంది. ప్రాజెక్టు కోసమని వాళ్ల నాన్న కృష్ణప్రసాద్ ఆఫీసులో ఎవరో చెబితే శాలిబండ వెళ్లి, విశ్వేశ్వర్ గారి కంప్యూటర్ కొట్లో లాప్‌టాప్ కొనుక్కొచ్చాడు. ఒకపక్క కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టూ, ఇంకోపక్క పెళ్లి బ్యాండు వాళ్ల గదీ, మధ్యలో ఇరుకుగా ఈ కొట్టు. అందులో పనిచేసే కుర్రాడి పేరు నగేష్. ఉండేది అక్కడే, కొట్టు వెనక గల్లీలో.

కృష్ణప్రసాద్ మాదన్నపేట మార్కెట్లో బెండకాయ తోక విరిచి చూడందే కిలో కొనని మనిషి. కొత్త చొక్కా ఇంటికొచ్చాక కూడా కుట్లు లెక్కపెట్టి, ఒకటి తేడాగా ఉంటే మర్నాడే కొట్టుకి మోసుకెళ్లే మనిషి. అలాంటివాడు గీత చూశాక ఊరుకుంటాడా?

“డబ్బు పోసి కొన్నాం. మచ్చ ఉన్నది మనకెందుకు? ఇచ్చెయ్, ఇంకోటి తెచ్చుకుందాం,” అన్నాడు.

“అంత తొందరేం నాన్నా? నిదానంగా చూసి చెప్తాను.”

“గీతలో నిదానంగా చూసేదేముందే?” అంది లోపల్నుంచి అమ్మ కోటేశ్వరమ్మ.

రాగసుధ మర్నాడే మళ్లీ శాలిబండ బయల్దేరింది.

ఈసారి కీబోర్డు మీద ఒక మీట రవ్వంత పక్కకి ఒరిగిందని కనిపెట్టింది. నగేష్ దాన్ని వేలితో నొక్కి చూసి, చాలా గంభీరంగా తలూపాడు. బయట వాన మొదలైంది. పక్కగదిలో బ్యాండు వాళ్లు ఏదో పెళ్లికి ప్రాక్టీసు చేస్తున్నారు. ఒకడి బూర మాత్రం మిగతావాళ్లకంటే ఒక అడుగు ముందే వెళ్లిపోతోంది.

“రోజూ గిట్లనేనా?” అనడిగింది.

“రోజూ,” అన్నాడు నగేష్. ఆ తర్వాత నవ్వాడు. “మేడం, మీరు ‘గిట్ల’ అన్నరు.”

“నేను పుట్టింది ఇక్కడేనండీ. అమ్మానాన్నలది తెనాలి. ఇంట్లో అలా, బయట ఇలా.”

“ఇంట్ల మాటనే మంచిగుంటది. మీరు ‘అండీ’ అంటె నాకు కాలేజీ ఫంక్షన్‌ల యాంకరింగ్ విన్నట్టుంటది.”

“వెక్కిరిస్తున్నారా?”

“తోబ! నిజంగ అంటున్న. చాయ్ తాగుతరా?”

బయట టీ తాగడం రాగసుధకి అలవాటు లేదు. తాగింది. గ్లాసు వేడికి వేళ్లు మార్చి మార్చి పట్టుకుంటుంటే అతను చూసి, ఒక కాగితం మడిచి గ్లాసుకి చుట్టి ఇచ్చాడు. అంతే. అంతకంటే ఏమీ జరగలేదు. కానీ ఇంటికెళ్లాక అన్నం కలుపుకుంటూ ఆ మడిచిన కాగితం గుర్తొచ్చి ఆమె చెయ్యి ఆగిపోయింది. ప్రాజెక్టు ప్రోగ్రామ్ ముందు కూర్చుంటే అక్షరాలు అక్షరాల్లాగే ఉన్నాయి, మనసు మాత్రం శాలిబండలో ఉంది.

సమస్య ఏమిటంటే, ఈ సంబరమంతా శనివారం దాకానే. లాప్‌టాప్ ఇచ్చేస్తే లెక్క తేలిపోతుంది. ఉంచుకున్నా తేలిపోతుంది. తేల్చకుండా ఉన్నంతకాలమే ఆ కొట్టు మెట్లెక్కడానికి ఆమెకి కారణం ఉంది. అందుకే రాగసుధ తేల్చలేదు. ఫోన్ చేసి అడిగితే సరిపోయే ప్రశ్నలకి కూడా చాంద్రాయణగుట్ట దగ్గర దిగి, ఇంకో షేర్ ఆటో పట్టుకుని మరీ వెళ్లింది. దగ్గర దారి వేరే ఉందని తెలుసు. దూరం దారిలో అయితే అతని గురించి ఆలోచించుకోవడానికి ఎక్కువసేపు దొరుకుతుంది.

గురువారం నాడు ధైర్యం చేసి అడిగేసింది.

“మీకేమనిపిస్తోంది? ఉంచుకోమంటారా, ఇచ్చేయమంటారా?”

అడిగింది లాప్‌టాప్ గురించే. కానీ అసలు ఏం అడుగుతోందో ఆమెకి తెలుసు. ‘ఉంచుకోండి, చిన్న గీతే కదా, నేనున్నాను కదా చూసుకోవడానికి’ అంటాడేమోనని ఆశ.

నగేష్ తల వంచుకుని కౌంటర్ అద్దం తుడుస్తున్నాడు.

“నన్నడుగుతె వాపస్సే మేడం. ఎన్నిసార్లు చెప్పిన? ఇచ్చెయ్యుండ్రి.”

“అంతేనా?”

“గంతే.”

రాగసుధ బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగింది. ఆటోలో పక్కన కూర్చున్న ముసలమ్మ “ఏమైంది బిడ్డా?” అని అడిగేదాకా తన కళ్లు తడిగా ఉన్నాయని గమనించలేదు. వెళ్లినప్పుడల్లా అతను అదే మాట అన్నాడు. వాపస్, వాపస్. తనేమో అతని ముఖం చూడ్డానికి గీతలు వెతుక్కుంటుంటే, అతను తనని ఎప్పుడు వదిలించుకుందామా అని చూస్తున్నాడన్నమాట. సరే. ఇచ్చేద్దాం. ఆ పీడేదో వదిలిపోతుంది.

“శనివారం ఇచ్చేస్తున్నాను నాన్నా,” అంది ఇంటికి రాగానే. కృష్ణప్రసాద్ సంతోషించాడు. కోటేశ్వరమ్మ మాత్రం కూతురి ముఖం వైపు చూసింది.

మర్నాడు శ్రావణ శుక్రవారం. రాగసుధ తలస్నానం చేసి వచ్చేసరికి లాప్‌టాప్ పూజ గదిలో ఉంది. పీట మీద అమ్మవారి పటం పక్కన, మూత తెరిచి. మూతకి పసుపు రాసి కుంకుమ బొట్లు, కీబోర్డు మీద తడి పసుపుతో స్వస్తిక్, నాలుగు అక్షింతలు. మొన్నటేడు స్కూటర్‌కి ఎలా చేసిందో, అంతకుముందు మిక్సీకి ఎలా చేసిందో, అచ్చం అలాగే.

“అమ్మా! రేపు తిరిగిచ్చేస్తున్నామని చెప్పాను కదా!”

“ఇచ్చేదాకా మనింట్లోదే కదే. కొత్త వస్తువు ఇంటికొచ్చాక తొలి శుక్రవారం బొట్టు పెట్టకుండా ఎలా ఉంటాను?” అంది కోటేశ్వరమ్మ హారతి ఇస్తూ.

రాగసుధ తడిగుడ్డ పెట్టి తుడిచింది. పైకి కనిపించేదంతా పోయిందనే అనుకుంది.

శనివారం మధ్యాహ్నం కుండపోత. పాలిథిన్ కవర్లో చుట్టిన లాప్‌టాప్ కౌంటర్ మీద పెట్టి, ఎటో చూస్తూ అంది.

“వాపస్ తీసుకోండి.”

ఆ మాట వినగానే నగేష్ ముఖం వెలిగింది. స్పష్టంగా వెలిగింది. రాగసుధ చూసింది, చూసి ఇంకా బాధపడింది.

“అన్నా, మేడం వాపస్ ఇస్తున్నరు!” అని లోపలికి కేకేశాడు. ఓనర్ విశ్వేశ్వర్ కళ్లద్దాలు సర్దుకుంటూ బయటికి వచ్చాడు. మూత తెరిచాడు. కీబోర్డు వంక చూశాడు. కాస్త వంగి మళ్లీ చూశాడు.

“ఇదేందమ్మా?”

మీటల సందుల్లో పసుపు ఎండి గట్టిపడి ఉంది. మూత కీలులో కుంకుమ. తట్టి చూస్తే రెండు అక్షింతలు కూడా రాలాయి.

“పూజ చేసినరా?”

“అమ్మ...” అంది రాగసుధ.

విశ్వేశ్వర్ పడీపడీ నవ్వాడు. “మంచిగనే చేసిన్రు గని బిడ్డా, ఇది కంపెనీకి ఎట్ల పంపాలె? గీత ఉన్నదంటె తీస్కుంటరు. ప్రసాదం ఉన్నదంటె తీస్కోరు.” అని ఆమె తల మీద చెయ్యి వేసి, “ఉంచుకో. లక్ష్మీదేవి కూసున్న మిషిన్. ఎందుకు ఇస్తవు?” అని లోపలికి వెళ్లిపోయాడు.

వాన హోరు. కొట్లో ఇద్దరే మిగిలారు. రాగసుధ తలెత్తి చూస్తే నగేష్ ఆ పసుపు వంకే చూస్తున్నాడు. ఇందాకటి వెలుగంతా పోయింది. ఎవరో చేతిలోంచి ఏదో లాక్కెళ్లినట్టు నిలబడ్డాడు.

“మీకెందుకండీ అంత దిగులు? నన్ను వదిలించుకోవడం కుదరలేదనా?”

“వదిలించుకునుడా?” అతను నిజంగానే ఉలిక్కిపడ్డాడు. “మేడం, వాపస్ ఇస్తె ఏమైతదో ఎరుకేనా మీకు? కొత్త పీస్‌కి ఆర్డర్ పెట్టాలె. అది ముంబై నుంచి రావాలె. మస్తు దినాలు పడుతది. వచ్చిందా అని మీరు అడగనీకె రావాలె. రాలేదని నేను చెప్పాలె. మీరు మళ్ల రావాలె.”

రాగసుధ కౌంటర్‌కి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

“ఉంచుకుంటె ఏమున్నది? తీస్కపోతరు, గంతే. ఇంక శాలిబండల మీకేం పని?” అతని గొంతు సన్నబడింది. “అందుకే మొదటి దినం నుంచి వాపస్, వాపస్ అని ఒకటే లొల్లి పెట్టిన.”

ఇన్నాళ్లూ ఆమె తేల్చకుండా తిరిగింది. ఇన్నాళ్లూ అతను ఇచ్చేయమని పోరు పెట్టాడు. ఇద్దరిదీ ఒకటే దొంగాట. నవ్వాలో ఏడవాలో తెలియక రాగసుధ రెండూ చేసేసింది.

“ఒక్క గీత చూపించడానికి ఎవరైనా రెండు ఆటోలు మారి వస్తారా? మీకు ఒక్కసారైనా తోచలేదా?”

“తోచింది. గని నాకు అంత అదృష్టం ఉంటదా అనుకున్న.”

అప్పుడే ఎవరో గొడుగు దులుపుకుంటూ ప్రింటర్ ఇంకు కావాలని లోపలికొచ్చారు. ఇంకా ఏదో అడగబోయిన అతను ఆగిపోయాడు. రాగసుధ లాప్‌టాప్ కవర్లో చుట్టుకుంది.

“రేపట్నుంచి నాకు ఇక్కడికి రావడానికి ఏ పనీ లేదు,” అంది నెమ్మదిగా. అని వానలోకి దిగింది.

ఆదివారం. రాగసుధ పొద్దుటి నుంచి ప్రాజెక్టు ముందు కూర్చుంది. ఒక్క లైను రాయలేదు. ఎందుకలా చెప్పి వచ్చేశాను? ‘వస్తాను’ అంటే పోయేది కదా? కొట్టు నంబరు ఉంది, కానీ ఆదివారం కొట్టు మూత. అతని నంబరు అడగనే లేదు. సోమవారం వెళ్తే ఏమని వెళ్లాలి? ఏ తప్పు చూపించాలి? వెతికింది. ఈ వస్తువులో చూపించడానికి ఇంక ఏ తప్పూ మిగల్లేదు. అతన్ని చూడాలని ఉంది, అంతే. ఇంత చిన్న సంగతి నోటితో చెప్పలేక ఒక కీబోర్డు నిండా వంకలు వెతికింది. దిండులో ముఖం దాచుకుంది.

సాయంత్రం మళ్లీ వాన అందుకుంది. తలుపు చప్పుడైతే కృష్ణప్రసాద్ వెళ్లి తీశాడు.

గుమ్మం అవతల నగేష్. నిలువునా తడిసిపోయి, ఇస్త్రీ చొక్కా ఒంటికి అంటుకుపోయి నిలబడ్డాడు. చేతిలో టూల్ బ్యాగు లేదు, సంచీ లేదు, ఏమీ లేదు.

“నువ్వు... ఆ లాప్‌టాప్ కొట్టు అబ్బాయివి కదూ? ఇల్లెలా తెలిసింది?”

“బిల్లు మీద అడ్రస్ ఉన్నది సార్.”

“ఏం, లాప్‌టాప్ సంగతా? తిరిగి తీసుకోలేమన్నారటగా.”

“లాప్‌టాప్ కోసం రాలె సార్.”

గదిలోంచి పరుగెత్తుకొచ్చిన రాగసుధ అమ్మ వెనకే ఆగిపోయింది. అబద్ధం చెప్పు, అనుకుంది మనసులో. బిల్లులో తప్పుందని చెప్పు, వారంటీ కార్డు మర్చిపోయానని చెప్పు, ఏదో ఒకటి చెప్పు!

“మరి ఏ పని మీద వచ్చావు?” అన్నాడు కృష్ణప్రసాద్.

నగేష్ ఒక్కసారి ఆమె వైపు చూశాడు. ఆ తర్వాత ఆయన వైపు తిరిగాడు.

“పనేం లేదు సార్. మీ బిడ్డను చూడనీకె వచ్చిన.”

కృష్ణప్రసాద్ ఆ కుర్రాణ్ణి తల నుంచి కాళ్ల దాకా చూశాడు. చాలాసేపు చూశాడు. తిరిగి కూతుర్ని చూశాడు. రాగసుధ తల దించుకోలేదు. వేళ్లు మాత్రం అమ్మ కొంగుని మెలిపెడుతున్నాయి.

కోటేశ్వరమ్మ ఆ కొంగు విడిపించుకుని, వంటింట్లోకి వెళ్లి కాఫీకి ఇంకో గ్లాసు నీళ్లు ఎక్కువ పోసింది.

కృష్ణప్రసాద్ గొంతు సవరించుకుని, తలుపు పూర్తిగా తీసి పట్టుకున్నాడు.

“అక్కడే నిలబడితే ఎలాగయ్యా, తడుస్తున్నావు. లోపలికి రా.”