ఏడో వరసలో రెండు సీట్లు

ఆఫీసులో అందరూ అతన్ని ‘తర్వాతగారు’ అంటారు. ఏది అడిగినా తర్వాత చూద్దామంటాడు మరి. కోడు కూడా అలాగే రాస్తాడు.

వాళ్ల టీం ఒక నాటకశాలకి టికెట్లమ్మే వెబ్‌సైట్ తయారుచేస్తోంది. అతను రాసిన పేజీ ముందు నాటకం పేరొక్కటే తెచ్చుకుంటుంది. సీట్ల వివరాలు తెర మీద చూపించాల్సి వచ్చినప్పుడు మాత్రమే డేటాబేస్‌ని అడుగుతుంది. ఆపాటికి కనెక్షన్ మూసేసి ఉంటుంది. పేజీ చేతులెత్తేస్తుంది.

దానికి అతను కనిపెట్టిన మందు, పేజీ పూర్తయ్యేదాకా కనెక్షన్ తెరిచే ఉంచడం. కోడు సరిచూసేందుకు కొత్తగా చేరిన అమ్మాయి మొదటి రోజే దాన్ని తిప్పికొట్టింది.

“ఏమేం కావాలో ముందే తెలుసు కదండీ. అన్నీ ఒక్కసారే తెచ్చుకుని కనెక్షన్ వదిలెయ్యచ్చుగా?”

“తర్వాత మారుద్దామండీ. ఇప్పటికి నడుస్తోందిగా.”

“మీ ఒక్కరికే నడుస్తోంది. ఉన్న కాసిని కనెక్షన్లూ ఇలా పట్టుకుని కూర్చుంటే, జనం వచ్చినప్పుడు అందరూ గుమ్మంలోనే ఆగిపోతారు.”

అతనికి ఒళ్లు మండింది. కొన్నాళ్లు ముఖం చాటేశాడు. చివరికి ఆమె చెప్పినట్టే మార్చాడు. ఆమె చూసి “బాగుంది” అంది. ఆ ఒక్క మాటతో మనవాడి పని అయిపోయింది.

ఒక సాయంత్రం వాన పట్టుకుంటే ఇద్దరూ బస్టాపు దాకా ఒకే గొడుగులో నడిచారు. దారంతా ఆమె ట్రాన్సాక్షన్ల గురించే చెప్పింది. సీటు పట్టాలి, డబ్బు అందాలి, టికెట్ ఇవ్వాలి. ఒక్కటి తప్పినా ఏదీ జరగనట్టే లెక్క. మొదలుపెట్టిన దాన్ని సగంలో వదిలేసి కూర్చోకూడదు. అతను ఊఁ కొడుతూ ఆమె ముక్కు మీది చినుకునే చూశాడు. వినుంటే బాగుండేది.

టికెట్ల అమ్మకం మొదలయ్యే రోజు, భోజనాల దగ్గర, ఆమె మామూలుగానే ఒక సంగతి చెప్పింది. పిన్ని ఒక సంబంధం తెచ్చిందట. సాయంత్రానికల్లా ఏ సంగతీ చెప్పాలట.

“మీరేమంటారు?” అని అడిగింది.

తర్వాత చెప్తానన్నాడు. ఆమె డబ్బా మూసుకుని లేచిపోయింది.

సీటుకొచ్చాక అతనికి తెలిసొచ్చింది. ఆమె లేకుండా తనకు కుదరదు. మొదటి ఆటకి రెండు సీట్లు పట్టి, నాటకానికి రమ్మంటూ మనసులో మాట చెప్పాలనుకున్నాడు. నేరుగా డేటాబేస్‌లోకి వెళ్లి, ఒక ట్రాన్సాక్షన్ తెరిచి, ఏడో వరస నడిమధ్య రెండు సీట్లు పట్టాడు. ఆమె ఔనంటే ఖాయం చేద్దాం, కాదంటే గుట్టుగా వెనక్కి తీసుకుందాం అనుకుని, అలాగే వదిలేసి కాఫీ మెషీన్ దగ్గరికెళ్లి మాటలు కూర్చుకోసాగాడు.

ఇంతలో అమ్మకాలు మొదలయ్యాయి. ఎవరొచ్చినా సైటు ముందుగా ఆ మధ్య సీట్లనే వెతుకుతుంది. అవి ఇటు అమ్ముడూ పోలేదు, అటు ఖాళీగానూ లేవు. అవి ఏదో ఒకటి తేలేదాకా సైటు ముందుకెళ్లదు గనక, వచ్చినవాళ్లంతా వాటి వెనకాలే ఆగిపోయారు. మేనేజరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, ఆమె మాత్రం స్థిమితంగా కూర్చుని, దేన్ని ఎవరు పట్టుకున్నారో వెతికింది. తెర మీద అతని లాగిన్ కనిపించింది.

ఆమె కాఫీ మెషీన్ దగ్గరికొచ్చింది.

“ఆ రెండు సీట్లూ మీరేనా పట్టుకున్నది?”

ఔనన్నాడు.

“రెండోది ఎవరికి?”

ఈసారి ‘తర్వాత’ అనలేదు.

“నీకే. నువ్వంటే నాకిష్టం. మధ్యాహ్నమే చెప్పాల్సింది. ఆ సంబంధం వద్దని చెప్పు.”

అతను ఆమెని నువ్వు అనడం అదే మొదలు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. గొంతు మాత్రం మారలేదు.

“నీ మూలంగా బయట ఊరంతా ఆగి ఉంది, మహానుభావా. ముందెళ్లి ఆ సీట్లు వదిలెయ్. కావాలంటే అందరిలా కొనుక్కో.”

వదిలేశాడు. సైటు కదిలింది. తన వంతు వచ్చేసరికి ఏడో వరస మొత్తం నిండిపోయింది. చిట్టచివరి వరసలో, స్తంభం వెనక, రెండే మిగిలాయి. కొని, బిక్కమొహంతో ఆమెకి చూపించాడు.

ఆమె ఫోను తీసింది.

“పిన్నీ, ఆ సంబంధం వద్దు. ఊఁ, ఒకడున్నాడు. కాస్త నిదానం, అంతే. ఆదివారం వస్తాడు, నువ్వే చూద్దువుగాని.”

ఎన్నింటికొస్తాడో కనుక్కోమంది పిన్ని. ఆమె అతని వైపు తిరిగి నోరు తెరవబోయింది.

“పదింటికి,” అన్నాడు అడగకముందే. “అమ్మనీ నాన్ననీ కూడా తీసుకొస్తా.”