విప్పని బ్రష్షు

హెప్సిబా జోయెల్‌తో అన్న మొదటి మాట, "నోరు తెరవండి, బ్రదర్."

ములకలపల్లి చర్చిలో పెట్టిన పళ్ల క్యాంపు అది. హెప్సిబా ఇల్లందులో ఒక డెంటల్ క్లినిక్‌లో నర్సు. జోయెల్ ఆ చర్చి కోయిర్‌లో ముందు నిలబడి పాడేవాడు, ఊరంతా మెచ్చుకునే గొంతు. అలాంటి నోట్లోకి టార్చి కొట్టి ఆ పిల్ల మొహం ముడిచింది.

"చిగుర్ల నుంచి రక్తమొస్తుంది గదా. బ్రష్ చేస్తలేరా?"

"రక్తమొస్తుందనే ఆపేసిన."

"అయ్యో! ఆపితేనే గార పేరుకుంటది. గిట్లనే ఉంటే చీము పడ్తది. క్లినిక్‌కు రాండ్రి, క్లీన్ చేపిద్దాం."

"క్లీనింగ్ చేస్తే పళ్లు ఊడుతయట!"

"ఎవరు చెప్పిండ్రు? మీ కోయిర్ వాళ్లా?" అని ఫక్కున నవ్వి, మెత్తటి బ్రష్షొకటి చేతిలో పెట్టింది. "మెల్లగ, గుండ్రంగ తిప్పాలె. పొద్దున, రాత్రి. పదిహేను రోజులకు రాండ్రి, నేను చూస్త."

'బ్రదర్' అన్నప్పుడే సగం చచ్చాడు జోయెల్. ఆ నవ్వుకు మిగతా సగమూ పోయాడు.

ఇక మనవాడి తెలివి చూడండి. ఆ బ్రష్షు కవరు కూడా విప్పలేదు! ఆమె చేత్తో ఇచ్చింది కదా, వాడితే అరిగిపోతుందని బైబిలు పక్కన పెట్టుకుని రోజూ చూసుకున్నాడు. క్లినిక్‌కూ వెళ్లలేదు. రక్తం కారే నోటితో ఆమె ముందుకు ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? బాగయ్యాక పోదాం అనుకున్నాడు. కవరులో ఉన్న బ్రష్షుతో నోరెలా బాగవుతుందో ఆ దేవుడికే తెలియాలి.

మూడు నెలలు గడిచాయి. ఒకరోజు పళ్ల సందున ఇరుక్కున్న మాంసం పీచును పిన్నీసుతో కెలికాడు. రెండు రోజులకు చిగుళ్లు వాచి, దవడ బూరెలా ఉబ్బింది. నీళ్లు కూడా మింగలేక, వానలో తడుస్తూ బస్సెక్కి ఇల్లందు చేరాడు.

డాక్టరు చీము తీస్తుంటే పక్కన దాన్ని పీల్చే గొట్టం పట్టుకుని నిలబడింది హెప్సిబానే. డాక్టరు అవతలి గదిలోకి వెళ్లాక అడిగింది.

"పదిహేను రోజులకు రమ్మన్న గదా. ఎందుకు రాలే?"

నోటినిండా దూది. జోయెల్ జేబులోంచి బ్రష్షు తీసి చూపించాడు.

"ఏంది, విప్పనే లేదా?"

తల అడ్డంగా ఊపి, ఆ కవరును గుండెకు ఆనించుకున్నాడు.

హెప్సిబాకు అర్థమైంది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. "ములకలపల్లి నుంచి ఎవరొచ్చినా నువ్వేమో అని చూసిన. నేనంటే లెక్కలేదు అనుకున్న. మొన్ననే బోనకల్ సంబంధానికి సరే అన్న. మా నాయిన చర్చిల అందరి ముందట మాటిచ్చిండు. ఇప్పుడు కాదంటే ఆయన తలెత్తుకోలేడు, జోయెల్."

'బ్రదర్' అన్న పిలుపు పోయి పేరు వచ్చింది. వచ్చి ఏం లాభం?

దూది తీశాక ముద్దముద్దగా చెప్పాడు. "నువ్వంటే పాణం, హెప్సిబా."

"ఇప్పుడా చెప్పేది?" ఆమె కవరు లాక్కుని చర్రున చింపి బ్రష్షు తిరిగి అతని చేతిలో పెట్టింది. "నా మీద ప్రేముంటే దీన్ని దాచకు. వాడు."

వాడాడు. రెండుపూటలా, ఏడుస్తూనే తోమాడు. క్లీనింగూ చేయించుకున్నాడు, ఒక్క పన్నూ ఊడలేదు. కానీ అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు.

రెండు నెలలకు పెళ్లి. పాడటానికి ములకలపల్లి కోయిర్‌నే పిలిచారు. పోకూడదనుకుంటూనే పోయి, నోరు బార్లా తెరిచి పాడాడు జోయెల్.

పెళ్లికూతురు ముసుగు కాస్త జరిపి చూసింది. ముందు అతని చిగుళ్లనే చూసింది. వాపు లేదు, రక్తం లేదు. బాగుందన్నట్టు తలూపింది. ఆ తర్వాత కళ్లు తుడుచుకుని పెళ్లికొడుకు వైపు తిరిగింది.