ఏ ఊరి కణం?

2079లో కూడా కాకినాడ జనం కొత్తవాళ్ళు కనబడితే 'మీదే ఊరండీ?' అని అడగడం మానలేదు. సముద్రపు ఒడ్డునున్న ఆసుపత్రిలో ఇప్పుడు కణాలనూ అదే ప్రశ్న అడుగుతున్నారు. అడిగే యంత్రం పేరు మూలదర్శిని. దాన్ని తయారుచేసిన డాక్టర్ హైమావతికి యాభై ఎనిమిదేళ్ళు, ఓపిక తక్కువ, ఆ యంత్రమంటే ప్రాణం.

ఆ ఉదయం కుర్చీలో ఆవిడ అన్న సత్తిబాబు కూర్చున్నాడు. విశాఖకు ముప్పై ఏళ్ళు సముద్రపు బస్సు నడిపిన మనిషి. కాలేయంలో నాలుగు గడ్డలు కనబడ్డాయి. అతను మందు చుక్క ముట్టి ఎరగడు. అయినా చాటుగా తాగాడనే అనుమానంతో, పక్కనే నిలబడ్డ భార్య మంగతాయారు నెల రోజులుగా అతనితో మాట్లాడడం లేదు.

"లివరంటే మన హైదరాబాద్ లాంటిది అన్నయ్యా," అంది హైమావతి, సన్నటి సూదితో గడ్డలోంచి కణాలు తీస్తూ. "అక్కడ కనబడే కేన్సర్లలో ఎక్కువ బయటినుంచి వచ్చి దిగినవే. ఎక్కడ దిగినా, పుట్టినచోటి గుర్తులు జన్యువుల మీద చెరగవు. ఆ పుట్టినచోటు తెలిస్తేనే సరైన మందు వేయగలం. తప్పు మందు వేస్తే నువ్వు దక్కవు."

నిమిషం గడిచాక మూలదర్శిని పలికింది. "ఇవి కాలేయపు కణాలు కావు. పెద్దపేగువి. ఆరేళ్ళ క్రితం పుట్టాయి. వీటికి మందుంది. నయమవుతుంది."

"విన్నావటే? నేను తాగలేదు," అన్నాడు సత్తిబాబు భార్యతో. ప్రాణం దక్కిందన్న మాట అతని చెవికెక్కనే లేదు. మంగతాయారు కళ్ళొత్తుకుంది.

"అప్పట్లో విరేచనంలో రక్తం కనబడిందా?" యంత్రం అడిగింది.

సత్తిబాబు తల దించుకున్నాడు. "కనబడింది."

హైమావతికి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. "డాక్టర్ని ఇంట్లో పెట్టుకుని దాచావా?"

"చెల్లెలివి. అలాంటివి నీకెలా చెప్తానే? మొలలనుకుని ఊరుకున్నాను."

"హైమావతి గారూ, తోబుట్టువులకూ ముప్పు ఉంటుంది," అంది మూలదర్శిని. "ఒక బొట్టు రక్తమిస్తే చూస్తాను. మీకూ అలాంటిదేమైనా కనబడుతోందా?"

ఆవిడకు మూడు నెలలుగా కనబడుతోంది. తన యంత్రం మీద అంత నమ్మకమున్న మనిషి, ఒక్కసారి కూడా దాని ముందు కూర్చోలేదు.

"మొలలే అయ్యుంటాయి," అంది ఆవిడ. "బయట నలభై మంది ఎదురుచూస్తున్నారు. వచ్చే వారం చూద్దాం."

సత్తిబాబు లేచి, కుర్చీని ఆవిడ వైపు తిప్పాడు.

"ఆరేళ్ళ క్రితం నేనూ వచ్చే వారమే అనుకున్నానే. కూర్చో."