కాగని నీళ్లు

నారాయణఖేడ్‌కు రైలు లేదు. రైలెక్కాలంటే బస్సు పట్టుకుని జహీరాబాదు పోవాలి. అలాంటి ఊళ్లో, మనూరు రోడ్డు పక్కన, ఇంటిని ఆనుకుని ఉన్న, ఆయిలింజన్లు బాగుచేసే రేకుల షెడ్డులో, ప్రేమదాసు రైలింజను తయారుచేస్తున్నాడని తెలిస్తే జనం నవ్వకుండా ఉంటారా? నవ్వారు. రైలు ప్రేమదాసు అని పేరు కూడా పెట్టారు.

అది ఆడుకునే బొమ్మ కాదు. మోకాలెత్తున, మనిషంత పొడవున ఉండే అసలైన ఇంజను. బొగ్గు వేస్తే మండాలి, నీళ్లు కాగి ఆవిరి కావాలి, ఆ ఆవిరితోనే చక్రాలు తిరగాలి. వెనక తగిలించిన చిన్న బండి మీద కూర్చుని దాన్ని నడపాలి.

ప్రేమదాసు వయసంతా రైల్వేలో బొగ్గు ఎగదోయడంతోనే గడిచింది. డీజిలింజన్లు వచ్చి ఆవిరి బళ్లు మూలపడ్డాక, డ్రైవరు సీటు మీద ఒక్కనాడూ కూర్చోకుండానే ఇంటికి వచ్చేశాడు. ఆ కసి కడుపులో నిప్పులా ఉండిపోయింది. అందుకే షెడ్డు గచ్చు మీద సుద్దముక్కతో ఇంజను గీశాడు. చెరిపాడు, మళ్లీ గీశాడు. విరిగిన చెరుకు గానుగ ఇనుమును కరిగించి చక్రాలు పోయించాడు. సిలిండర్లు లేతు మీద తానే తొలిచాడు. పక్కింటి సంగప్ప వెల్డింగు పనివాడు. పొద్దుగూకితే వచ్చి అతుకులు పెట్టి పోయేవాడు.

అన్నీ కుదిరాయి గానీ బాయిలరు దగ్గర పని ఆగింది. దానికి మందపాటి రాగి కావాలి. అంత రాగి ఎక్కడ దొరుకుతుంది?

ఇంట్లోనే ఉంది. వాళ్లమ్మ ఎలీసబెతు నీళ్లు కాచుకునే కాగు. నాగల్‌గిద్ద నుంచి పెళ్లికూతురుగా వస్తూ తెచ్చుకున్నది. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద, అడుగంతా మసిబారి, లోపల మాత్రం ఎర్రగా మెరుస్తూ ఉండేది.

అడిగి చూశాడు. ముసలామె తల అడ్డంగా ఊపింది.

"మీ నాయిన సచ్చిననాడు గా కాగుల నీళ్లే పోసినం బిడ్డా. రేపు నా మీద పోసేటియి గూడ దాంట్లనే కాగాలె. నేను పోయినంక నీ ఇష్టమున్నట్టు జేస్కో."

"కొత్త బగోనె తెచ్చిస్త గదనే."

"వద్దు."

ఆదివారం ఆమె చర్చికి పోగానే ప్రేమదాసు కాగును షెడ్డుకు మోసుకుపోయాడు. ఆమె తిరిగొచ్చేసరికి రాగి రేకు నిప్పుల మీద ఎర్రబడి ఉంది. కోసిన అంచులు గచ్చు మీద పడి ఉన్నాయి. ఎలీసబెతు తిట్టలేదు, ఏడవలేదు. వంగి ఒక రాగి ముక్క తీసుకుని కొంగున కట్టుకుంది.

ఆనాటి నుంచి కొడుకుతో మాటల్లేవు. చలికాలం వచ్చింది. కోడలు లిదియా అల్యూమినియం బగోనెలో నీళ్లు కాచి పెడితే, ఆమె తాకేది కాదు. తెల్లారేసరికి బావి నీళ్లు తోడుకుని పెరట్లో బండ మీద కూర్చుని నెత్తిన గుమ్మరించుకునేది. పళ్లు టకటక కొట్టుకునే చప్పుడు షెడ్డు దాకా వినిపించేది. ప్రేమదాసు సుత్తె ఇంకా గట్టిగా కొట్టేవాడు.

దగ్గు పట్టింది, జ్వరమొచ్చింది. దవాఖానకు రానన్నది. ఒక పొద్దున లేవలేదు.

ఆ రోజు ముసురు. కట్టెలన్నీ తడిశాయి. పొయ్యి అంటుకోలేదు. పాస్టరు వచ్చి కూర్చున్నాడు, పెట్టె వచ్చింది, ఇక ఆగడానికి వీల్లేదు. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని చన్నీళ్లే పోశారు. ప్రేమదాసు గడపలో నిలబడి చూశాడు.

మట్టి అయిన మర్నాడే మళ్లీ షెడ్డు తలుపు తీశాడు. "నలభై దినాలన్న ఆగరాదయ్యా," అంది లిదియా. ఆగలేదు.

మళ్లీ చలి మొదలయ్యే నాటికి ఇంజను తయారైంది. చేతిపంపుతో నీళ్లు ఎక్కించి ఒత్తిడి పెట్టి చూస్తే ఎక్కడా చుక్క కారలేదు. ఇనుప పట్టీలతో షెడ్డు నుంచి వెనక కందిచేను దాకా పట్టాలు పరిచాడు. ఒక మధ్యాహ్నం బాయిలరు నింపి, బొగ్గు వేసి నిప్పు పెట్టాడు.

బొగ్గు బాగా రాజుకుంది. పొగ పైకి లేచింది. సంగప్ప ఆవిరి మీటరు దగ్గర కూర్చున్నాడు. సూది కదల్లేదు. ఇంకా బొగ్గు వేశారు. నిప్పులు తెల్లగా మండుతున్నాయి, తలుపు దగ్గర మొహం పెట్టలేనంత సెగ. సూది కదల్లేదు.

పొద్దు వాలుతుంటే సంగప్ప అనుమానంగా బాయిలరు మీద వేలు పెట్టాడు. తర్వాత అరచెయ్యంతా ఆనించాడు. దిగ్గున లేచాడు.

"ప్రేమన్నా... సల్లగున్నదే."

"నీ మొకం."

"నువ్వే జూడు."

చూశాడు. బావిలోంచి అప్పుడే తీసిన బిందెలా ఉంది. పైన తేమ కూడా పట్టింది.

"గిది వెల్డింగు ముచ్చట గాదన్నా," సంగప్ప గొంతు తగ్గించి అన్నాడు. "నిప్పు దీసెయ్యి. రేపు పాస్టరును పిలుద్దాం." ప్రేమదాసు ఇంకో పార బొగ్గు వేశాడు. సంగప్ప చెప్పులు కూడా తొడుక్కోకుండా చేతిలో పట్టుకుని పోయాడు.

చీకటి పడింది. కరెంటు పోయింది. నిప్పుల ఎర్రటి వెలుగు ఒక్కటే గచ్చు మీద పారుతోంది. కందిచేను మీదుగా చలిగాలి వచ్చి రేకులను మెల్లగా గీకుతోంది. తడికట్టెల పొగ వాసన వచ్చింది. షెడ్డులో కట్టెలు లేవు. ఆ వెనకే కుంకుడుకాయ వాసన.

పెరట్లో చప్పుడైంది.

జల్లున... నీళ్లు. ఎవరో చెంబుతో నెత్తిన పోసుకుంటున్నట్టు. కాసేపు ఆగి, మళ్లీ జల్లున.

"లిదియా?"

లిదియా ఆ సాయంత్రం చర్చిలో ప్రార్థనకు పోయిందని అప్పుడు గుర్తొచ్చింది.

నీళ్ల చప్పుడు ఆగింది. అదే క్షణంలో సూది కదిలింది.

నెమ్మదిగా కాదు. ఒక్కసారిగా పైకి లేచింది. ఇంజను ఒళ్లంతా వణికింది. ప్రేమదాసు భయం మరిచిపోయాడు. బండి మీద కూర్చుని ఆవిరి మీట లాగాడు. చక్రాలు ఒకసారి జారి, పట్టుకున్నాయి. ఛక్... ఛక్... ఇంజను కదిలింది! షెడ్డు దాటింది. చేను గట్టెక్కింది. బతుకంతా కోరుకున్నది కాళ్ల కింద పరుగెడుతుంటే, ఆ మనిషి చీకట్లో ఒక్కడే పగలబడి నవ్వాడు.

అప్పుడు బండి వెనకవైపు కుంగింది.

ఎవరో ఎక్కి కూర్చున్నట్టు.

నవ్వు ఆగిపోయింది. మీట మూసేశాడు. ఇంజను ఆగలేదు. మళ్లీ గట్టిగా తిప్పాడు. ఆగలేదు. వీపుకు తడిగుడ్డ తగిలింది. చలి... ఎముకల్లోకి దిగే చలి. చెవి పక్కనే పళ్లు కొట్టుకుంటున్నాయి. టక... టక... టక...

"అమ్మా," అన్నాడు.

"సలి వెడుతుందిరా బిడ్డా..."

"తప్పయిందే... దిగవే..."

"నీళ్లు కాగినయా?"

తల తిప్పలేదు. తిప్పలేకపోయాడు. నెత్తి మీద ఏదో ఒంగింది. జల్లున... నీళ్లు. చల్లగా, మంచులా, మెడ మీంచి, వీపు మీంచి. మళ్లీ. మళ్లీ. ఊపిరి ఆడలేదు. పట్టాలు అయిపోయాయి. ఇంజను కందిచేలో దిగి పక్కకు ఒరిగింది.

కేక విని సంగప్ప లాంతరు పట్టుకుని పరుగెత్తి వచ్చేసరికి ప్రేమదాసు కందిమొక్కల మధ్య బోర్లా పడి, "సల్లగ... సల్లగ..." అని గొణుగుతున్నాడు. వీపు మీది చర్మం చొక్కాతో పాటు ఊడి వచ్చింది.

దవాఖానలో డాక్టరు సంగప్ప మీద కోప్పడ్డాడు. "మసిలే నీళ్లు పై నుంచి పోసిన్రు. ఎవలు పోసిన్రో చెప్పున్రి, లేకుంటే పోలీసులకు చెప్తా." ఆవిరి తగిలిందని సంగప్ప చెప్పాడు. చెప్పాడే గానీ, ఇంజనును తానే చూశాడు. బాయిలరు ఎక్కడా పగల్లేదు. అందులో పోసిన నీళ్లు పోసినట్టే ఉన్నాయి.

ప్రేమదాసు బతికాడు. కానీ ఎండాకాలంలో కూడా గొంగడి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకునేవాడు. నీళ్ల చెంబు చూస్తే మంచం కిందికి దూరేవాడు. ఇంజనుకు ఇష్టపడి రంగు వేసిన చేతులు, అన్నం ముద్ద కూడా ఎత్తలేకపోయాయి. లిదియా ఒక్క మాట అనలేదు. అనాల్సిందంతా అత్త ఉన్నప్పుడే అనకపోయానని ఆమెకు తనమీదే మంట. బాయిలరులో నీళ్లన్నీ వదిలించి, బూడిద ఎత్తి పారబోసి, సంగప్ప చేత ఇంజనును షెడ్డులోకి ఈడ్పించి, తాళం వేసింది. తాళంచెవిని బావిలో వేసింది.

మళ్లీ చలి వచ్చింది.

ఒక తెల్లవారుజామున ముగ్గు గిన్నె కోసం లిదియా పెరట్లోకి వచ్చింది. మంచు దట్టంగా ఉంది. అత్త తానం చేసిన బండ మీద నుంచి పొగలు లేస్తున్నాయి. దగ్గరికి పోయి చెయ్యి పెట్టింది. తడి, వెచ్చగా ఉంది. అప్పుడే ఎవరో తానం చేసి లేచినట్టు.

బండ నుంచి తడి అడుగులు బయలుదేరాయి. ఆమె కళ్లు వాటి వెంటే పోయాయి. తులసికోట లేని ఆ వాకిలి దాటి, గడప ఎక్కి, ప్రేమదాసు పడుకున్న అర్రలోకి పోయాయి.

తిరిగి బయటికి వచ్చిన అడుగులు ఎక్కడా లేవు.