గ్యాస్ బావికి ముందు నీళ్ళ పరీక్ష

మైకు పట్టుకున్న ఆ అమ్మాయిని చూడగానే నా గుండె ఝల్లుమంది. ప్రేమతో కాదు లెండి, భయంతో.

నేను బాలశౌరిని. గ్యాస్ కంపెనీలో ఉద్యోగం. గుడివాడ అవతల ఒక ఊళ్ళో గ్యాస్ బావి తవ్వబోతున్నామని సభ పెట్టాం. “ఏమడిగినా, ప్రమాదం లేదని చెప్పు. అంతే,” అని మా మేనేజరు రామకోటేశ్వరరావు గారు కార్లోనే పాఠం చెప్పారు.

“నా పేరు వినీల. ఎలీషా గారమ్మాయిని. బెజవాడ పటమటలో కాలేజీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తాను,” అంది ఆమె. “మీరు తవ్వాక మా మంచినీళ్ళ చెరువు, బోర్లు పాడైతే?”

“పాడవవండీ.”

“పాడయ్యాయే అనుకోండి. ముందు నుంచీ అంతేనని మీ కంపెనీ తప్పించుకోదా? ఇవాళ మా నీళ్ళెలా ఉన్నాయో టెస్ట్ చేయించారా?”

మేనేజరు గారు బల్ల కింద నా కాలు తొక్కారు. అవునంటే అయిపోయేది. కానీ ఆ కళ్ళల్లోకి చూస్తూ అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

“లేదండీ. చేయించాల్సింది.”

సభంతా గోల. మేనేజరు గారు నన్ను కార్లోకి లాక్కెళ్ళారు. బెజవాడలో దిగేటప్పుడు, “ఒప్పుకుంది నువ్వేగా, టెస్టులూ నువ్వే చేయించు. ఊరు ఒప్పుకోలేదో, ఇక నీ ఉద్యోగం ఉండదు,” అన్నారు.

సీసాలు పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. జోరున వాన. వినీల గొడుగుతో ఎదురొచ్చింది.

“మిమ్మల్ని నమ్మి కాదు, కాపలాకి వస్తున్నా.”

“కాపలాకైనా సరే, గొడుగు కొంచెం ఇటు జరపండి.”

“సీసాలు తడవకుండా చూసుకోండి. మీరు తడిస్తే ఏం కాదు.”

సగం ఊరు తిరిగేసరికి ఆ గొడుగు నా వైపే వాలింది. ఆ సంగతి ఎత్తితే మళ్ళీ అటు జరుపుతుందని నోరు మూసుకున్నాను.

చేతిపంపు దగ్గర మాణిక్యమ్మ అనే పెద్దావిడ మమ్మల్ని ఎగాదిగా చూసింది. “ఎవరే వినీలా, ఈ అబ్బాయి?”

“కంపెనీ మనిషి, మామ్మా.”

“కంపెనీ సంగతి సర్లే. మనిషి ఎలాంటోడు?”

వినీల పంపు కొడుతూ, “అబద్ధం చెప్పడం రాదు,” అంది. నా చేతిలో సీసా నిండి పొర్లిపోతున్నా నేను చూసుకోలేదు.

రిపోర్టులొచ్చాక మళ్ళీ సభ. చెరువు నీళ్ళు మంచివి, రెండు బోర్లు మాత్రం ఉప్పు. “ఈ రిపోర్టు పంచాయతీ గోడ మీద అంటిస్తాం. పని మొదలయ్యాక మూడు నెలలకోసారి పరీక్ష. ల్యాబు మీరే ఎంచుకోండి. తేడా వస్తే పని ఆపేస్తాం. మేనేజరు గారు సంతకం కూడా పెట్టారు,” అన్నాను.

ఊరంతా వినీల వైపు తిరిగింది. ఆమె కాగితం మొత్తం చదివి, సరేనని తలూపింది. చేతులు లేచాయి. నాకు ఊపిరొచ్చింది.

“ఒక్క మాట,” అంటూ ఆమె మైకందుకుంది. “శాంపిల్స్‌కి ఎవరొస్తారు?”

“నేనేనండీ.”

“మూడు నెలలకోసారంటే నీళ్ళకి చాలు. నాకు చాలదు.”

వెనక నుంచి ఈలలు. ఆమె ముఖం ఎర్రబడింది గానీ చూపు మాత్రం దించలేదు. ముందు వరసలోంచి ఎలీషా గారు లేచారు. “అమ్మాయి అందరి ముందూ అడిగేసింది బాబూ. మరి నువ్వేమంటావ్?”

“నాకూ చాలదండీ. ఆదివారం మా అమ్మానాన్నల్ని తీసుకొస్తాను.”

“చర్చి అయ్యాక రండి,” అన్నారాయన. “భోజనం మా ఇంట్లోనే.”